తగిలించినవాడే తీయాలి

ల్యాప్‌టాప్‌ను చంపింది అప్‌డేటేనని ఇంటిల్లిపాదీ తీర్మానించేశారు. డాక్టరును పిలిచింది కేవలం పంచనామాకు.

డాక్టరంటే మనుషుల డాక్టరు కాదు. ఇరవై ఏళ్లుగా ల్యాప్‌టాప్‌ల పొట్టలు కోసి కుడుతున్న మెకానిక్కు. షాపు బోర్డు మీద ‘ల్యాప్‌టాప్ డాక్టర్’ అని రాయించుకున్న పాపానికి అందరూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు అతనికి లోలోపల ఇష్టమే. పైకి మాత్రం విసుక్కుంటాడు.

మనుషుల మీద అతనికి పెద్దగా సదభిప్రాయం లేదు. పనిచేయడం లేదంటూ ల్యాప్‌టాప్ మోసుకొచ్చేవాళ్లలో సగం మంది వైరు సరిగ్గా ఉందో లేదో చూడకుండానే వస్తారు. మిగతా సగం స్క్రీను మీద మెసేజ్ వస్తే చదవకుండా మూసేసి, “ఏదో వచ్చింది సార్, కొట్టేశాను” అంటారు. ఇలాంటి వాళ్ల కోసమే కౌంటరు మీద ఒక అట్ట నిలబెట్టాడు: ‘ముందు వైరు చూడండి. తరువాత మెసేజ్ చదవండి. ఆ తరువాతే నా దగ్గరికి రండి.’ దాన్ని కూడా ఎవరూ చదవరు. అది వేరే సంగతి.

అందరిలోకీ అతను ఎక్కువగా ఈసడించుకునే మనిషి మాత్రం ఈ ఇంట్లోనే ఉన్నాడు. అక్క మొగుడు. లిఫ్టు బావ.

“రావోయ్ డాక్టరూ,” అన్నాడు బావ తలుపు తీస్తూనే. “నేనైతే ఆ పెట్టెను కిటికీలోంచి గిరాటేద్దామనుకున్నా. మీ అక్క అడ్డుపడింది.”

“కింద మనుషులు తిరుగుతుంటారు బావగారూ. మీరు ఏది విసిరినా ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది.”

“లోడు కిందికి ఎలా దించాలో నాకు నేర్పుతున్నావా?”

డాక్టరు సంచి కింద పెట్టి, కిటికీ పక్కన ఉన్న కుర్చీ లాక్కోబోయి చటుక్కున ఆగాడు. దాని చేతికి ఒక ఎర్ర అట్టముక్క వేలాడుతోంది. ‘ప్రమాదం. వాడరాదు. లోపం: వెనక కాలు వదులు.’ కింద తేదీ, బావ సంతకం.

బావ లిఫ్టుల కంపెనీలో సీనియర్ మెకానిక్కు. రిపేరుకు దిగేముందు మెయిన్ స్విచ్చు ఆపి, దానికి ఎర్ర ట్యాగు తగిలించడం వాళ్ల పద్ధతి. ఎవరు తగిలించారో వాళ్లే తీయాలి. పై ఆఫీసరు వచ్చినా సరే, ముట్టుకోకూడదు. బావ ఈ పద్ధతిని ఇంటికి కూడా మోసుకొచ్చాడు. కారే కుళాయికి ట్యాగు, వాసన వచ్చిన మిక్సీకి ట్యాగు, కాలు ఊగే కుర్చీకి ట్యాగు. ట్యాగు పడిన వస్తువు ఆ ఇంట్లో ఉన్నా లేనట్టే. దాని ఊసెత్తరు, దాని వంక చూడరు. ఆయనకు తీరిక దొరికి బాగుచేసి, తన చేత్తో ట్యాగు విప్పేదాకా అంతే.

దీని వెనక ఒక కథ ఉంది. బావ ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. పన్నెండేళ్ల క్రితం ఒక వాచ్‌మన్ తొందరపడి ట్యాగు పీకేసి స్విచ్చు వేశాడు. ఆ సమయానికి బావ చెయ్యి తాళ్లు తిరిగే చక్రం మీద ఉంది. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ట్యాగును మాత్రం చచ్చినా ముట్టరు.

డాక్టరుకు ఇదంతా చాదస్తం. “ఏదో ఒకరోజు నీ మెడకే ట్యాగు కట్టి మూల కూర్చోబెడతాడే అక్కా,” అని ఎన్నోసార్లు ఎగతాళి చేశాడు.

“నువ్వే ముందు ఉంటావురా ఆ వరసలో,” అంటుంది అక్క.

అతను వేరే కుర్చీ లాక్కుని మేనకోడలి గదిలోకి వెళ్లాడు. ఆ పిల్లను అందరూ పొట్టి అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు అది. ఇప్పుడు ఇంట్లో అందరికంటే పొడుగు. బల్ల అంచుకు బిగించిన స్టీరింగ్ చక్రం ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పరీక్ష హాలు బయట కూర్చున్న మొహం.

“చెప్పు. ఎప్పుడు మొదలు, ఎన్నింటికి?”

“నాలుగింటికి మావయ్యా. ఫైనల్లో ఎనిమిది మందిమి ఉన్నాం. మొదటి ఇద్దరినే టీములోకి తీసుకుంటారు.”

“నా షాపు నుంచి ఇంకో మెషీను తెస్తే?”

“కుదరదు. పోటీవాళ్లు దీని నంబరు రాసుకున్నారు. వేరేది పెడితే లోపలికి కూడా రానివ్వరు.”

“మళ్లీ ఎప్పుడు?”

“మళ్లీ లేదు. ఇరవై నిండితే తీసుకోరు. నాకు వచ్చే నెల నిండుతుంది.”

రెండేళ్లు ఆ స్టీరింగు పట్టుకుని ఆ పిల్ల తిప్పిన మలుపులు అతనికి తెలుసు. కార్ల రేసు గేమది. గెలిచినవాళ్లు టీములో చేరి దేశదేశాల వాళ్లతో పోటీ పడతారు. బావ దృష్టిలో మాత్రం అది ‘గోడకేసి చూస్తూ చక్రం తిప్పడం’.

“ఏం జరుగుతోందో చూపించు.”

పొట్టి గేము తెరిచింది. స్క్రీను మూలన ఒక అంకె ఉంది. సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తోందో చెప్పే అంకె. సోమవారం దాకా అది నూట ఇరవై. ఇప్పుడు పంతొమ్మిది. కారు కదలడం లేదు, కుంటుతోంది. మలుపు వచ్చిందని కంటికి తెలిసేలోపు గోడలో దూరిపోయింది.

“మంగళవారం పొద్దున అప్‌డేట్ వచ్చింది. సాయంత్రం కూర్చుంటే ఇలా. ఆడేవాళ్లంతా దాన్నే తిట్టుకుంటున్నారు మావయ్యా, చాలామందికి ఏదో ఒకటి చెడింది.”

“ఎవరైనా ఏమైనా ముట్టుకున్నారా?”

“నేనైతే లేదు.”

“నాకెందుకురా అది,” అంది అక్క గుమ్మంలోంచి.

“ఆ ల్యాప్‌టాప్ మీద నా చెయ్యి పడితే ఒట్టు,” అన్నాడు బావ ఆవిడ వెనక నుంచి, టీ చప్పరిస్తూ.

అందరూ ఇదే మాటంటారు, అనుకున్నాడు డాక్టరు. పన్నెండున్నర. మూడున్నర గంటల టైముంది. అతనికి గంట చాలు.

మెషీను ఆపి మళ్లీ ఆన్ చేశాడు. కుడి చివర చిన్న మెసేజ్ ఒకటి పైకి లేచింది. డాక్టరు దాన్ని ఈగను తోలినట్టు మూసేశాడు. సలహాలిచ్చే పెట్టెలంటే అతనికి పరమ అసహ్యం.

ముందు వెనకాల నడిచే అడ్డమైన ప్రోగ్రాములన్నీ ఆపేశాడు. అంకె ఇరవై అయింది. బొమ్మల నాణ్యత పూర్తిగా తగ్గించాడు. చెట్లు అట్టముక్కల్లా తయారయ్యాయి గానీ అంకె ఇరవై ఒకటి దగ్గరే ఆగింది. గ్రాఫిక్స్ డ్రైవరు పీకి పాతది ఎక్కించాడు. మళ్లీ ఆన్. మళ్లీ ఆ మెసేజ్. మళ్లీ మూసేశాడు. పంతొమ్మిది.

“అప్‌డేట్ అంటే ఏంటో తెలుసా డాక్టరూ?” అన్నాడు బావ. కదలకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. “బాగా నడుస్తున్నదాన్ని కెలకడం. మా కంపెనీలో నడిచే లిఫ్టును ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. మీ వాళ్లకు మాత్రం ప్రమోషను ఇస్తారు.”

“బావగారూ, లిఫ్టుకు తెలిసినవి రెండే పనులు. పైకి, కిందికి. దీనికి రెండు లక్షల పనులు తెలుసు.”

“అందులో ఒక్కటీ చేయడం లేదుగా!”

పొట్టి నవ్వు ఆపుకుంది. డాక్టరు పళ్లు బిగించి, అసలు అప్‌డేట్‌నే మెషీనులోంచి తీసేయడం మొదలుపెట్టాడు. దానికి ముప్పావు గంట పట్టింది. అంతసేపూ బావ తన సర్వీసులో చూసిన లిఫ్టుల జబ్బులన్నీ వరసపెట్టి చెప్పాడు. ఏ జబ్బునైనా మోటారు చప్పుడు వినే పట్టేస్తాడట. డాక్టరు ‘ఊ’ కొట్టడం కూడా మానేశాడు.

రెండవుతుండగా బావ ఫోను మోగింది. రెండు వీధుల అవతల ఆఫీసు బిల్డింగులో లిఫ్టు ఆగిపోయింది.

“నేను వెళ్లొచ్చేసరికి దీన్ని లేపుతావో, పాతిపెడతావో చూడు,” అని పనిముట్ల పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు.

“పీడా వదిలింది,” అన్నాడు డాక్టరు, అక్కకు వినపడేటట్టే.

అప్‌డేట్ పోయింది. మెషీను ఆన్ అయింది. మెసేజ్ లేచింది. మూసేశాడు. గేము తెరిచాడు.

పంతొమ్మిది.

అప్‌డేట్ కాకపోతే ఇక మిగిలింది మెషీను ఒంట్లో జబ్బే. డాక్టరు స్క్రూడ్రైవరు తీశాడు. అడుగు మూత విప్పి, ఫ్యాన్లు ఊడదీసి దుమ్ము దులిపాడు. చిప్పు మీద ఎండిన పేస్టు గీకి కొత్తది పూశాడు. వేళ్లు వాటంతటవే పని చేసుకుపోతున్నాయి, మనసు మాత్రం ఒకచోట కొట్టుకుంటోంది. విప్పేముందు లోపలి వేడి చూశాడు. యాభై డిగ్రీలు. రేసు నడిపే మెషీను ఎనభై అయిదు దాకా కాలాలి. ఇదేమో చన్నీళ్లతో స్నానం చేసినట్టుంది. జ్వరం లేదు, మనిషి లేవడం లేదు. అలాంటి రోగి ఏ రోగంతో ఉంటాడో ఆలోచించడానికి ఒక్క నిమిషం ఆగితే సరిపోయేది. డాక్టరు ఆగలేదు. అతనికి చేతులు ఆడుతుంటేనే ధైర్యం.

మూత బిగించేసరికి మూడుంబావు.

“అయిందా మావయ్యా?” పొట్టి గడియారం వంక చూసింది.

“అయిపోయింది. చూడు.”

ఆన్ చేశాడు. కుడి చివర మెసేజ్ లేచింది. మూసేయడానికి బాణం గుర్తు అటు జరిపాడు.

“ఒరేయ్, ఉండు. చదవనివ్వు,” అంది అక్క.

అక్క ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. కంటబడిన అక్షరాన్ని చదవకుండా వదలడం ఆవిడ వల్ల కాదు. బిస్కెట్ పొట్లం మీది అక్షరాలు కూడా చివరిదాకా చదివి గానీ పొట్లం విప్పదు.

“ఏముంటుందే అందులో. ప్రతిదానికీ ఏదో ఒకటి వాగుతూనే ఉంటుంది.”

“వాగితే వాగనీ. ‘తగిలించిన చార్జరుకు శక్తి చాలదు. కంప్యూటరు నెమ్మదిగా నడుస్తుంది. దీనితో వచ్చిన చార్జరు వాడండి.’ ఇదీ రాసింది. ఏరా, ఇందాకటి నుంచి ఇదేనా నువ్వు మూసేస్తున్నది?”

బాణం గుర్తు మెసేజ్ మీదే ఆగిపోయింది.

డాక్టరు మెల్లగా వంగి బల్ల కిందకు చూశాడు. వైరు వెంబడి చూపు పాకింది. చివరన సబ్బుబిళ్లంత నల్లటి చార్జరు. ఆ మెషీనుకు రావాల్సింది ఇటుకరాయంత ఉంటుంది. ఇది అక్క పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌ది. పిన్ను ఒకటే, అంతే. మూడు గంటలుగా అతని మోకాలు దానికి తగులుతూనే ఉంది.

“పెద్ద చార్జరేది?” అన్నాడు తల పైకెత్తి.

పొట్టి తల్లి వైపు చూసింది. తల్లి కూతురి వైపు చూసింది.

“అది... ట్యాగులో ఉంది మావయ్యా.”

“ఎక్కడ?”

“బీరువాలో, కింది అరలో. మంగళవారం సాయంత్రం చూస్తే దానికి ట్యాగు ఉంది, బల్ల కింద ఈ చిన్నది ఉంది. నాన్న మార్చారేమో అనుకున్నా.”

“నాకు చెప్పాలిగా!”

“ట్యాగు పడినవాటి గురించి మేం మాట్లాడుకోం,” అంది పొట్టి. ఆకాశం నీలంగా ఉంటుంది అన్నంత మామూలుగా.

డాక్టరు బీరువా తలుపు లాగాడు. ఇటుకరాయి చార్జరు కింది అరలో బుద్ధిగా పడుకుని ఉంది. మెడలో ఎర్ర ట్యాగు. ‘ప్రమాదం. వాడరాదు. లోపం: అతిగా కాలుతోంది.’ తేదీ మంగళవారం. కింద బావ సంతకం, ఎప్పటిలాగే ముత్యాల కోవలా.

ఆ క్షణంలో డాక్టరుకు బావ మీద కలిగినది కోపం కాదు. కోపానికి కాస్త మర్యాద ఉంటుంది. వేలకు వేలు మెట్లు ఎక్కీ దిగీ, జీవితమంతా మోటార్ల మధ్య బతికి, రెండు చార్జర్ల మధ్య తేడా తెలియని ఈ మహానుభావుడు ఇందాక గుమ్మంలో నిలబడి తనకు పాఠాలు చెప్పాడు! సంచిలోంచి కత్తెర తీసి ట్యాగు దారం మీద పెట్టాడు.

పొట్టి అతని మణికట్టు పట్టుకుంది. స్టీరింగు తిప్పి తిప్పి గట్టిపడిన చెయ్యి.

“కత్తెర కింద పెట్టు మావయ్యా.”

“పిచ్చి పట్టిందా నీకు? నలభై నిమిషాలు కూడా లేదు!”

“తగిలించినవాళ్లే తీయాలి.”

“ఇది చార్జరే పొట్టీ! లిఫ్టు కాదు!”

“ఆ వాచ్‌మన్ కూడా ఉత్త స్విచ్చే అనుకున్నాడు.” కళ్లనిండా నీళ్లున్నాయి గానీ పట్టు సడలించలేదు. “ఈ ఇంట్లో ఒక్కసారి కోస్తే ఇక ఆ ట్యాగుకు విలువ లేదు. నేను కొయ్యను. నిన్ను కొయ్యనివ్వను.”

“అయితే ఫోను చెయ్యి మీ నాన్నకు!”

“పనిలో ఉంటే ఫోను పెట్టెలో పెట్టేస్తారురా,” అంది అక్క.

ఇంటిల్లిపాదికీ మతి పోయింది, అనుకున్నాడు డాక్టరు. ఎవరితో వాదించాలో తెలియక చార్జరును చంకన పెట్టుకుని, చెప్పులు వేసుకుంటూనే పరుగు తీశాడు. మూడూ ఇరవై నాలుగు.

నలభై ఎనిమిదేళ్ల వాడు, బానపొట్ట, చంకలో ఎర్ర ట్యాగు వేలాడే నల్ల ఇటుక. వీధిలో జనం పక్కకు తప్పుకున్నారు. ఆఫీసు బిల్డింగుకు చేరేసరికి నోట మాట లేదు. లిఫ్టు ముందు ‘పనిచేయదు’ అన్న బోర్డు. మోటారు గది అయిదో అంతస్తు పైన, మేడ మీద ఉంది. లిఫ్టు వాళ్లను తిట్టుకుంటూ లిఫ్టు లేని మెట్లు ఎక్కడంలో ఉన్న అవమానం అతనికి మూడో అంతస్తులో బాగా ఒంటబట్టింది.

మోటారు గదిలో మెయిన్ స్విచ్చుకు తాళం, తాళానికి ఎర్ర ట్యాగు. బావ మోకాళ్ల మీద కూర్చుని ఏదో బోల్టు బిగిస్తున్నాడు.

“గీత దాటకు,” అన్నాడు తల తిప్పకుండానే.

నేల మీద పసుప్పచ్చ గీత ఉంది. డాక్టరు దాని అవతలే ఆగి, గోడ పట్టుకుని రొప్పాడు. నిమిషం తరవాత చార్జరు పైకెత్తాడు.

“దీని... ట్యాగు... తీయండి.”

“ఎందుకు తీయాలి? అది కాలిపోతోంది. అరచెయ్యి పెట్టి పది లెక్కపెట్టాలి. ఆరు దగ్గరే తీసేశా. పిల్ల పాదాల దగ్గర పెట్టుకుంటుంది దాన్ని.”

“అది కాలుతుంది! దాని పని కాలడమే! దాని బదులు ఆ చిన్నది ఎందుకు తగిలించారు?”

“పిన్ను సరిపోయింది. లైటు వెలిగింది.”

డాక్టరు నవ్వాడు. అంత ఆయాసంలోనూ నవ్వు దానంతటదే వచ్చింది. ఏళ్ల తరబడి దాచుకున్న వెటకారమంతా ఒక్కసారిగా గొంతులోకి ఎగదన్నింది.

“పిన్ను సరిపోయిందా! బావగారూ, ఎనిమిది మందిని మోసే లిఫ్టుకు కుట్టుమిషను మోటారు తగిలించి, బోల్టు సరిపోయింది అంటే మీరు ఊరుకుంటారా? ఇది రెండొందల నలభై వాట్లు. మీరు పెట్టింది అరవై అయిదు. నాలుగు రోజులుగా ఆ మెషీను అన్నం లేక చస్తోంది. మీరేమో టీ తాగుతూ అప్‌డేట్‌ను తిట్టారు!”

రెంచి పట్టిన చెయ్యి ఆగిపోయింది. బావ లేచి, చేతులు గుడ్డకు తుడుచుకుని గీత దాకా వచ్చాడు. చార్జరు తీసుకుని కళ్లజోడు పైకి జరిపి, అడుగున అచ్చు వేసిన చీటీ చదివాడు. లిఫ్టు మోటారు మీది రేటింగ్ పలకను చదివే పద్ధతిలో, పైనుంచి కిందకు, వేలు పెట్టి.

“రెండొందల నలభై,” అన్నాడు. “అరవై అయిదు.”

ఆ రెండు అంకెలు బావ మొహం మీద ఏం చేశాయో డాక్టరు కళ్లారా చూశాడు. ఇన్నేళ్లుగా చూడాలనుకున్న మొహమే అది. చూశాక అనుకున్నంత హాయిగా అనిపించలేదు.

“ముట్టుకోలేదని ఒట్టేశారుగా?”

“పెట్టెను ముట్టుకోలేదు. చార్జరు సంగతి ట్యాగు మీద రాశాను. తేదీ వేశాను, సంతకం పెట్టాను. దాచుంటే అను.” గొంతులో కరుకుదనం ఉంది గానీ బలం లేదు. “పెన్నియ్యి.”

ట్యాగు వెనక గడులున్నాయి. తీసిన తేదీ. సమయం. కారణం. బావ ఒక్కొక్క గడీ నింపాడు. అక్షరాలు గుండ్రంగా, తొందర లేకుండా. డాక్టరుకు పై ప్రాణాలు పైనే పోతున్నాయి. కారణం దగ్గర పెన్ను ఆగింది. తరవాత రాసింది: ‘తగిలించడమే పొరపాటు.’ దారం విప్పి, ట్యాగు జేబులో వేసుకుని, చార్జరు చేతికిచ్చాడు.

డాక్టరు వెనుదిరిగాడు.

“ఏమోయ్.”

“ఏంటి?”

“లిఫ్టు ఆగిందంటే మేం మొదట చూసేది కరెంటు ఎంత వస్తోందని. మోటారు విప్పేది ఆఖర్న. నువ్వు మూడు గంటలు అక్కడ కూర్చుని ఏం చూశావు?”

డాక్టరు చార్జరును చంకన ఇరికించుకుని కదిలాడు. మెట్లు దిగుతుంటే కౌంటరు మీది అట్ట కళ్లముందు ఆడింది. ముందు వైరు చూడండి. తరువాత మెసేజ్ చదవండి. ఆ దస్తూరీ తనదే.

ఇంటికొచ్చేసరికి మూడూ యాభై ఒకటి. పొట్టి చార్జరు లాక్కుని తగిలించింది. ఒక్క సెకను ఏమీ కాలేదు. తరవాత ఫ్యాన్లు రెండూ ఒక్కసారిగా గొంతెత్తాయి. స్క్రీను మూలన అంకె పరుగెత్తి నూట పద్దెనిమిది దగ్గర నిలబడింది.

“ఒరేయ్, నువ్వు వెళ్లాక ఇంకోటి వచ్చింది,” అంది అక్క. “‘అప్‌డేట్ పూర్తయింది’ అని. నువ్వు పీకేసిందే మళ్లీ దానంతటదే ఎక్కింది.”

అంటే ఆ నూట పద్దెనిమిది అప్‌డేట్ ఉండగానే. తను ముప్పావు గంట గెంటి గెంటి బయటకు తోసిన ముద్దాయి నిర్దోషిగా తిరిగొచ్చి కూర్చుంది.

పొట్టి సొరుగులోంచి ఖాళీ ఎర్ర ట్యాగు ఒకటి తీసి, గబగబా ఏదో రాసి, అతన్నీ తల్లినీ గదిలోంచి బయటకు నెట్టింది. తలుపు గుబ్బకు ట్యాగు తగిలించి తలుపు మూసుకుంది. ‘పని జరుగుతోంది. ముట్టుకోరాదు.’ కింద తండ్రి సంతకం లాంటిదే, కాస్త చిన్నది.

నాలుగూ పదికి బావ వచ్చాడు. పనిముట్ల పెట్టె చప్పుడు కాకుండా దించి, డాక్టరు పక్కన కూర్చున్నాడు. తలుపు వెనక ఫ్యాన్ల హోరు, టైర్ల కీచు.

బావ తల వాల్చి చెవి పెట్టాడు. “పూర్తి లోడు మీద ఉంది.”

“ఊ.”

“కాలుతూ ఉంటుంది.”

“కాలనివ్వండి.”

నాలుగున్నరకు లోపల పెద్ద కీచు, ధనామని ఒక మోత. ఆ వెంటనే ఫ్యాన్ల హోరు సన్నగిల్లింది. డాక్టరు లేచి గుబ్బ మీద చెయ్యి వేయబోయాడు.

మూడు వేళ్ల చెయ్యి అతని మణికట్టును పట్టుకుంది.

“ట్యాగుంది,” అన్నాడు బావ.

డాక్టరు ఆ చేతిని చూశాడు. కూర్చున్నాడు.

ఇంకో నాలుగు నిమిషాలకు తలుపు తెరుచుకుంది. పొట్టి జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. ముందు గుబ్బకున్న ట్యాగు విప్పింది. తరవాత తలెత్తింది.

“నా వెనకే ఉన్న మూడోవాడు ఆఖరి మలుపులో గోడకు గుద్దుకున్నాడు. నేను గుద్దుకోలేదు.” ఊపిరి తీసుకుంది. “రెండు.”

అక్క కూతుర్ని వాటేసుకుంది. బావ గొంతు సవరించుకుని, “రెండే? ఒకటి ఎందుకు రాలేదు?” అన్నాడు గానీ కళ్లు ఎటో తిప్పేసుకున్నాడు.

“నాలుగు రోజులు ప్రాక్టీసు పోయింది నాన్నా. ఎవరి దయవల్లో చెప్పమంటావా?”

బావ చెప్పమనలేదు.

“నేనుండబట్టి సరిపోయింది,” అన్నాడు డాక్టరు కాలర్ సర్దుకుంటూ. “ఆ పరుగు నేను పెట్టకపోతే...”

“అన్నట్టు మావయ్యా, ఇది నీదేనా?” పొట్టి అరచెయ్యి చాపింది. మధ్యలో చిన్న నల్ల స్క్రూ. “స్టీరింగు కింద దొరికింది. మూత బిగించినప్పుడు మిగిలినట్టుంది.”

స్క్రూలు మిగిల్చే మెకానిక్కుల గురించి డాక్టరు ఇరవై ఏళ్లుగా ఏమేం అన్నాడో ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. అతను స్క్రూ తీసుకుని గుప్పిట్లో దాచుకున్నాడు.

బావ నింపాదిగా జేబులోంచి కొత్త ట్యాగు తీసి, మోకాలి మీద పెట్టుకుని రాశాడు. తేదీ వేసి, సంతకం చేసి, ముందుకు వంగి దాన్ని డాక్టరు చొక్కా పైగుండీకి తగిలించాడు.

అక్క కళ్లజోడు సర్దుకుని, అలవాటు ప్రకారం పైకే చదివింది.

“‘ప్రమాదం. వాడరాదు. లోపం: మెసేజ్ చదవడు.’”

డాక్టరు చెయ్యి గుండీ వైపు వెళ్లింది. అందరూ ఆ చేతినే చూస్తున్నారు. సగం దారిలో ఆపి, దించుకుని, టీ అడిగాడు.

“ఎప్పుడు తీస్తారు బావగారూ?”

“ముందు ఆ స్క్రూ ఎక్కడిదో అక్కడ బిగించు,” అన్నాడు బావ. “తరవాత చూద్దాం.”